దొంగ ఇంకా గట్టిగా పట్టుకుంటాడు

"లాఠీ ఎక్కడెట్టేవే?" హాల్లోంచి అరిచాడు విక్టర్.

నేను వంటింట్లో పులిహోర డబ్బాకి మూత బిగిస్తున్నాను. "నీ సీటు కిందే బావా" అన్నాను. అబద్ధం. ముడిస్తే జానెడయ్యే ఆ ఇనప లాఠీ డిక్కీలో, అన్ని సంచుల అడుగున, స్టెప్నీ పక్కన ఉంది. "పెప్పర్ స్ప్రే?" నీ వైపు డోరు జేబులో. "అద్దం పగలగొట్టే సుత్తి?" డ్యాష్‌బోర్డు అరలో. "టార్చి? తాడు? బండాగితే రోడ్డు మీద పెట్టే ఎర్ర ముక్కోణం?" అతను వరసగా అడుగుతున్నాడు, నేను వరసగా అప్పజెబుతున్నాను. ఇవి కాక ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఓఆర్ఎస్ పొట్లాలు, అత్తకి బీపీ మాత్రలు, రూబీకి వాంతి కవర్లు, అందరికీ రెండు రోజుల బట్టలు. కొనడం అతని పని, ఫోన్లో బొటనవేలితో నొక్కితే అయిపోతుంది. ఛార్జింగ్ పెట్టడం, ఎక్స్‌పైరీ తేదీలు చూడటం, ఏది ఏ మూల ఉందో బుర్రలో మొయ్యడం నా పని. ఇంత పకడ్బందీ మనిషికి తన బనియన్లు ఏ బ్యాగులో ఉన్నాయో మాత్రం తెలీదు. తెలుసుకోవలసిన అవసరం పదమూడేళ్ళ కాపురంలో ఒక్కసారీ రాలేదు.

ఈ పిచ్చి రెండేళ్ళ కిందట మొదలైంది. హైవే మీద కారు అద్దాలకి గుడ్లు కొట్టి దోచుకునే దొంగల వీడియో ఎవరో చర్చి గ్రూపులో పెట్టారు. విక్టర్ ట్రాక్టర్ల షోరూంలో మేనేజరు, రోజంతా ఫోన్ చూసే తీరిక ఉంది. ఆ వీడియో దగ్గర్నుంచి మేము విజయనగరం దాటి ఎటు వెళ్ళినా యుద్ధానికి వెళ్తున్నట్టే. ఇంతవరకూ ఒక్క దొంగా మా కారు దగ్గరికి రాలేదు. లాఠీ మాత్రం ఒకసారి బయటికి వచ్చింది. పోయిన వేసవిలో పొందూరు దారిలో ఓ ముసలి ఆటో ఆయన పక్కకి తప్పుకోలేదని దిగి, ఆటో అద్దం మీద ఒకటి, ఆ అద్దం పట్టుకున్న ఆయన వేళ్ళ మీద ఒకటి వేశాడు. రోడ్డు పక్కన ఆ వేళ్ళకి కట్టు కట్టింది నేనే. నేను ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో నర్సుని, పదకొండేళ్ళ సర్వీసు. కడుతున్నంతసేపూ ఆయన నాకే దండాలు పెట్టాడు, సిగ్గుతో చచ్చిపోయాను. అందుకే ఈసారి లాఠీని అడుక్కి తోసేశాను.

సామాన్లతో సరిపెట్టుకున్నా బాగుండేది. సామానుంటే చాలదు, వాడటం రావాలట. ప్రతి శనివారం పొద్దున్న మా డాబా మీద డ్రిల్. అతను దొంగ, నేను నేనే. వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగిస్తాడు. ఇరవై సెకన్లలో నేను విడిపించుకోవాలి. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి రూబీ ఫోన్లో టైము చూస్తుంది. నేను విడిపించుకోలేకపోతే ఇరవై అవగానే అది "టైమ్" అంటుంది, అతను వదులుతాడు. దగ్గు ఆగాక మళ్ళీ మొదలు. మొదటిసారి ఊపిరాడక అతని చేతిని గోళ్ళతో రక్కాను. నొప్పి బావా, వదులు అంటే నవ్వి, "దొంగ ఇంకా గట్టిగా పట్టుకుంటాడు" అన్నాడు. చెయ్యి వెనక్కి మెలితిప్పినప్పుడూ అదే మాట. జుట్టు పట్టుకుని ముఖాన్ని పిట్టగోడకి నొక్కినప్పుడూ అదే మాట. ఆ వారంలో కూరలో ఉప్పెక్కువైనా, నేను నైట్ డ్యూటీ మార్చుకోకపోయినా, డాక్టరుగారు నాకు రెండుసార్లు ఫోన్ చేసినా, శనివారం దొంగకి బలం పెరిగేది. కొట్టాడని ఎవరితో చెప్పను? నేర్పుతున్నాడాయె! మా అత్త అన్నమ్మ పరాయి మనిషి కాదు, మా నాన్నకి సొంత చెల్లెలు. డాబా మీదే కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ, "నీ మంచికే గదే. మొగుడు ఇంత ఓపిగ్గా ఎవులికి నేర్పుతాడేటి?" అనేది. సోమవారం నేను మెడకి స్కార్ఫ్ చుట్టుకుని డ్యూటీకి వెళ్ళేదాన్ని, ఎండాకాలంలో కూడా.

ఆ రోజు పొద్దున్న ఇడ్లీ తింటూ విక్టర్ చాలా మామూలుగా అన్నాడు. "గోపాల్‌పూర్ బీచ్ నుంచి వచ్చినాక వచ్చే శనివారం నుంచి రూబీకి కూడా డ్రిల్ మొదలెడతాను. పదేళ్ళొస్తన్నాయి గదా."

"దానికెందుకు బావా, చిన్న గుంట."

"రేపు ఎవుడైనా దాని మెడట్టుకుంటే నువ్వెల్తావేటి ఇడిపించడానికి? రెండేళ్ళయినా నువ్వే నేర్సుకోలేదు."

రూబీ నోట్లో పెట్టుకున్న ముక్క నమలకుండా అలాగే ఉండిపోయింది. నా వైపే చూస్తోంది. నేను దాని కంచంలో చట్నీ వేశాను. ఆ చట్నీ వెయ్యడం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ప్రార్థన చెయ్యందే మా ఇళ్ళలో బండి కదలదు. కారు ముందు నిలబడి అత్త కళ్ళు మూసుకుంది. దారిలో శత్రువు చెయ్యి మా మీద పడకుండా చూడు తండ్రీ అని ఆవిడ, ఆమెన్ అని మేము. అందరికంటే గట్టిగా అన్నది విక్టరే.

నెల్లిమర్ల, రామతీర్థం దాటాం. రణస్థలం దగ్గర హైవే ఎక్కాలి. ఈలోగా జీడితోటల మధ్య ఇరుకు రోడ్డు మీద ఒక బైకు వెనక నుంచి హారన్ కొట్టింది. విక్టర్ దారివ్వలేదు. వాళ్ళు ఎలాగో సందు చూసుకుని దాటుతుంటే బైకు హ్యాండిలు మా సైడు అద్దానికి రాసుకుంది. గోటితో గీసినంత గీత పడింది, అంతే. విక్టర్ వెంటపడి, వాళ్ళని దాటి, కారు రోడ్డుకి అడ్డంగా పెట్టాడు. బైకు మీద ఇద్దరు, నలభై దాటిన పొలం మనుషులు.

"ఏటి బావూ, రోడ్డు మీ అయ్యదా?" అన్నాడు ఒకాయన.

విక్టర్ సీటు కింద చెయ్యి పెట్టాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. మనిషి సగం వంగిపోయి ఖాళీ చేత్తో వెతుక్కుంటుండగానే రెండో ఆయన తలుపు తీసి, కాలరు పట్టుకుని బయటికి లాగి, చెంప మీద ఒక్కటిచ్చాడు. ఒక్కటే. "ఆడోళ్ళతో ఉన్నావని వదిలేస్తన్నాం. పో" అని బైకెక్కి వెళ్ళిపోయారు. మోకాలి పక్కన డోరు జేబులో పెప్పర్ స్ప్రే ఉన్న సంగతి మా ఆయనగారికి గుర్తే రాలేదు.

నాకు నవ్వు రాలేదు, భయమేసింది. తల్లీ పెళ్ళామూ కూతురూ చూస్తుండగా చెంపదెబ్బ తిన్న మగవాడి కోపం చివరికి ఎవరి దగ్గరికి వస్తుందో నాకు తెలుసు.

"లాఠీ ఏదే?"

"డిక్కీలో."

"సీటు కింద ఉన్నాదన్నావు."

"నువ్వు మళ్ళీ ఎవులి సెయ్యైనా ఇరగ్గొడతావని డిక్కీలో పెట్టాను" అనేశాను. పదమూడేళ్ళలో అతనితో నేను చెప్పిన నిజాల్లో అదే పెద్దది.

అతను డిక్కీ తెరిచి ఒక్కొక్కటే విసిరేశాడు. బట్టల బ్యాగు, నీళ్ళ క్యాను, పులిహోర డబ్బా. మూత ఊడి పులిహోరంతా తారు మీద ఒలికిపోయింది. నేను దిగాను. ఎందుకు దిగావంటే ఏం చెప్పను, కిందపడినవి ఏరడం నా ఒంటికి అలవాటైపోయింది. అతను విదిలిస్తే లాఠీ టక్కుమని పొడుగైంది. నా తల మీదికి ఎత్తాడు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎండుకట్టె విరిచిన చప్పుడు. పదకొండేళ్ళుగా విరిగిన ఎముకలు చూస్తున్నాను గానీ విరిగేటప్పుడు వినడం అదే మొదలు. రెండోది భుజం మీద, మూడోది నడుం మీద. పులిహోరలో మోకాళ్ళ మీద పడ్డాను. దెబ్బ దెబ్బకీ "నా పరువు తీసీసినావే, తీసీసినావే" అంటున్నాడు. కారులోంచి అత్త, "సాలు బావూ, రోడ్డు మీద ఎవులైనా సూస్తారు" అంటోంది. రోడ్డు మీద కాకపోతే ఫరవాలేదన్నమాట.

అప్పుడు రూబీ కారులోంచి దూకింది. చేతిలో ఫోను పట్టుకుని, "నాన్నా, టైమ్! ఇరవై అయిపోనాయి! టైమ్! టైమ్!" అని గొంతు చించుకుంది.

విక్టర్ ఆగిపోయాడు. ఎత్తిన చెయ్యి దింపి, కుక్క అరుపు విని ఉలిక్కిపడ్డవాడిలా చుట్టూ చూసి, లాఠీ ముడిచేశాడు. రూబీ వచ్చి నా పక్కన కూలబడింది. ఫోను నా ముఖానికి దగ్గరగా ఉంది, అంకెలు ఇంకా తిరుగుతున్నాయి. తొమ్మిది, పది, పదకొండు. అంటే అది ఇరవై అని అరిచినప్పుడు ఐదో ఆరో. ఎముక విరిగినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

"ఎప్పుడూ ఇంతేనా తల్లీ?" అని దాని చెవిలో అడిగాను.

"ఇరవై దాకా నేనెప్పుడూ ఉంచలేదమ్మా" అంది.

రెండేళ్ళుగా డాబా మీద ఆ చేతి కింద నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. అదీ ఉంది. తండ్రి చేతిని నా మెడ మీద నుంచి ఎంత ముందుగా తప్పించవచ్చో చూసుకుంటూ, తన దొంగలెక్క ఎక్కడ బయటపడుతుందోనని వణుకుతూ, ఎనిమిదేళ్ళప్పట్నుంచి నా పిల్ల నన్ను కాస్తోంది. సెకన్లు చూసి నాడి లెక్కపెట్టే నర్సునై ఉండి, దాని లెక్కలో తేడా నేను పసిగట్టలేదు. దానికి కొత్తగా డ్రిల్ మొదలుపెట్టడానికి ఇంకేం మిగిలిందని!

ఫస్ట్ ఎయిడ్ డబ్బా అట్టని మడిచి చేతి కింద పెట్టి, నేను చెబుతుంటే రూబీయే బ్యాండేజీ చుట్టింది. కారు కదిలాక విక్టర్ గొంతు మెత్తబడింది. "బాగా నొప్పిగా ఉన్నాదా? కొబ్బరిబొండం తాగుతావేటి?" అన్నాడు. కొంతదూరం పోయాక, "కారు దిగతా జారి పడిపోనానని సెప్పు. బేగి కట్టు కట్టించుకుని ఎల్లిపోదాం, రూము బుక్కైపోనాది" అన్నాడు. అత్త, "అంతే గదా, ఇంట్లో మాట ఈదిలో ఎట్టుకుంటామేటి" అంది. నోరు విప్పితే ఏడుపు తప్ప మరేదీ వచ్చేలా లేదు.

దారిలో కనబడ్డ ఒక ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఫిల్ము నా చేతికే ఇచ్చారు, వెలుగుకి ఎత్తి చూసుకున్నాను. జారి పడేవాళ్ళు అరచెయ్యి ఆనుకుంటారు, మణికట్టు దగ్గర విరుగుతుంది. నాది ముంజేతి నడుమ, చిటికెన వేలి వైపు విరిగింది. దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకి విరిగే చోటది. చదవడం వచ్చినవాళ్ళకి ఆ ఎముక అంతా చెప్పేస్తోంది, నేనే ఇంకా చెప్పలేదు.

బ్యాడ్జీ మీద ధనలక్ష్మి అని ఉన్న చిన్న నర్సు రిజిస్టరు ముందుకి లాక్కుని, తలెత్తకుండా అడిగింది. "పడిపోనారా అమ్మా?"

నా ప్రశ్నే అది. మా క్యాజువాలిటీలో ఆడవాళ్ళని ఏమైంది అని అడగం, పడిపోయారా అని అడుగుతాం. ఏమైందంటే చెబుతారు. చెబితే ఎంఎల్‌సీ కింద, అంటే కేసయ్యే గాయమని రాయాలి, పోలీసులకి కబురు పంపాలి, మూడేళ్ళకి సమన్లు వస్తే సెలవు పెట్టి కోర్టు వరండాలో కూర్చోవాలి. పడిపోయారా అంటే తల ఊపుతారు, అక్కడితో పని తేలిపోతుంది. మొగుడు పక్కనే నిలబడి ఉండగా ఊపక ఏం చేస్తారు? దేముడమ్మ అని ఇటుకబట్టీలో పనిచేసే ఆవిడ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే అడిగాను, మూడుసార్లూ తల ఊపింది. నాలుగోసారి తెచ్చినప్పుడు అడిగే పని లేకపోయింది. ఆవిడ పేరు పక్కన మూడుచోట్ల పడిపోయింది అని రాసిన దస్తూరీ నాదే.

"అవునండీ, కారు దిగతా జారిపోనాది" అన్నాడు విక్టర్, నా భుజం మీద చెయ్యేసి. దెబ్బ తగిలిన భుజం మీదే. ధనలక్ష్మి పెన్ను కాగితానికి ఆనింది. రూబీ బల్ల అంచు పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. ఇప్పుడు నేను తల ఊపానంటే అదీ తల ఊపడం నేర్చుకుంటుంది. వచ్చే శనివారం ఆ చెయ్యి దాని మెడ చుట్టూ ఉంటుంది. టైము చూడటానికి నేను ఉంటాను, నిజమే. నేనెంత దొంగలెక్క పెట్టినా ఒకటీ రెండూ అయినా అనాలి కదా. నా పిల్ల మెడ మీద ఆ ఒకటీ రెండూ కూడా నాకు వద్దు.

కుడిచేత్తో విక్టర్ చేతిని భుజం మీద నుంచి తీసేశాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ, గొంతు డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చినట్టే వచ్చింది.

"అది రాయకు ధనలక్ష్మీ. నేను కూడా నర్సునే. మనం అడుగుతున్నది తప్పు. ఎవులు కొట్టినారని అడుగు."