ఉక్కుపిట్ట జవాబు

ఆ బొమ్మల పత్రిక ఆఫీసులో ఆమెను అందరూ ముత్యాలక్క అనేవాళ్లు. అసలు పేరు సగంమందికి తెలియదు. కథకు మాటలు ఒకరు రాస్తారు, బొమ్మలు ఇంకొకరు వేస్తారు. ఆ మాటల్ని బొమ్మల మీది బుడగల్లో చేత్తో దిద్దడం ఆమె పని. ముప్ఫై ఏళ్లుగా అదే కిటికీ, అదే ఏటవాలు బల్ల, అదే సిరాబుడ్డి. ఉక్కు రెక్కలు తగిలించుకుని ఊరి మీద ఎగిరే ఉక్కుపిట్ట పలికిన ప్రతి మాటా ఆమె చేతి మీదుగా వచ్చిందే.

ఉక్కుపిట్టను పుట్టించింది మేష్టారు. బడి వదిలేసి పత్రికలోకి వచ్చాడు గానీ పాఠం చెప్పే అలవాటు మాత్రం వదలలేదు. ఆయన ఉక్కుపిట్ట దొంగను పట్టుకున్నాక కొట్టడు. పక్కన కూర్చోబెట్టుకుని, “ఏమైందిరా నీకు?” అని అడుగుతాడు. దొంగ చెప్పుకొస్తాడు, ఇతను వింటాడు, ఆపైన ఇతను అందుకుంటాడు. బుడగలు ఉబ్బి ఉబ్బి రెక్కల మీదికి ఎక్కేవి.

“మేష్టారూ, ఆ రెక్కలెయ్యడానికి నాకు రెండ్రోజులు పడుతుంది. మీరేమో వాటి మీద ఉపన్యాసాలు ఆరేస్తారు” అని చిత్రకారుడు మొత్తుకునేవాడు. మేష్టారు నవ్వి, ఒక వాక్యం కొట్టేసి రెండు చేర్చేవాడు.

ముత్యాలక్క వచ్చాక ఆయన మరో పద్దెనిమిదేళ్లు రాశాడు. అన్నేళ్లలో ఉక్కుపిట్ట కళ్లెదుట ఒక్క ప్రాణం పోలేదు.

చూపు మసకబారి మేష్టారు తప్పుకున్నాక ఆ పాత్ర విలేకరి చేతికొచ్చింది. ఏళ్ల తరబడి నేరవార్తలు రాసిన మనిషి. నలుగురూ పది మాటలు మాట్లాడే చోట ఒకటి మాట్లాడతాడు. ఆయన ఉక్కుపిట్టా అంతే, మూతి బిగించుకుని ఎగిరేవాడు. ముత్యాలక్కకు పని సగానికి సగం తగ్గింది. దిద్దడానికి మిగిలినవల్లా దెబ్బల చప్పుళ్లే.

విలేకరి రాసిన మొదటి సంచికలోనే ఆ వంతెన కథ వచ్చింది. కల్తీ మందులు అమ్మి ఎందరి ఉసురో తీసిన వ్యాపారి ఒకడు పారిపోతూ వంతెన అంచు నుంచి జారాడు. ఉక్కుపిట్ట ఆ పైనే గాల్లో ఉన్నాడు. రెక్క కదపలేదు. చూస్తూ ఉండిపోయాడు.

ఆ సంచిక వచ్చిన మర్నాడు మేష్టారు గోడ పట్టుకుని మెట్లెక్కి ఆఫీసుకొచ్చాడు. పుస్తకాన్ని విలేకరి బల్ల మీద పెట్టాడు.

“పట్టుకోగలిగేవాడేగా?”

“ఆఁ, గలిగేవాడే.”

“మరి పట్టుకోలేదేం?”

విలేకరి కలం మూత పెట్టాడు. “మీవాడైతే పట్టుకునేవాడండీ. నేను తిరిగిన వీధుల్లో ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదు.”

“అందుకేనయ్యా నేను వాణ్ణి పుట్టించింది” అన్నాడు మేష్టారు.

అంతే. వాళ్లిద్దరి మధ్య మళ్లీ మాటల్లేవు. రెండేళ్లకు మేష్టారు పోయాడు. విలేకరి చూడ్డానికి వెళ్లలేదు. ఆ రోజు పొద్దుట నుంచి సాయంత్రం దాకా తెల్లకాగితం ముందు కూర్చుని, ఒక్క అక్షరమూ రాయకుండా లేచి వెళ్లిపోయాడు. మేష్టారి ఇంటికి వెళ్లేటప్పుడూ తిరిగొచ్చాకా అది ముత్యాలక్క ఒక్కతే గమనించింది.

మేష్టారి మీద ఆమెకు ప్రాణం. అయినా విలేకరి రాసింది అబద్ధమని ఆమె ఏనాడూ అనలేకపోయింది. ఆమె భర్త నడిరోడ్డు మీద బస్సు తగిలి పడిపోయినప్పుడు అరగంటసేపు జనం చుట్టూ మూగి చూశారే గానీ ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. చెప్పులు ఊడిపోయి ఒకవైపున పడున్నాయనీ, ఎవరో వాటిని మాత్రం జాగ్రత్తగా పక్కకు పెట్టారనీ తర్వాత ఆమెకు తెలిసింది. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వంతెన సంచికకు అక్షరాలు దిద్దిన రోజున మాత్రం, ఆ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

పన్నెండేళ్లు గడిచాయి. విలేకరి ఒక కొత్త కథ ఎత్తుకున్నాడు. వంతెన మీంచి పడి చచ్చిపోయినవాడికి ఒక కూతురుంది. అప్పుడు ఆరేళ్లది, ఇప్పుడు ఎదిగిన పిల్ల. ఉక్కుపిట్టను వెతుక్కుంటూ అదే వంతెన మీదికొచ్చి, ఎదురుగా నిలబడి అడుగుతుంది: “మా నాన్నను ఎందుకు పట్టుకోలేదు?”

బొమ్మలన్నీ పూర్తయ్యాయి. ఆఖరి బొమ్మలో ఉక్కుపిట్ట తల పక్కన పెద్ద బుడగ, నాలుగు వరుసలు పట్టేంత. లోపల ఏమీ లేదు. “జాగా ఉంచు, మాట తర్వాత ఇస్తా అన్నారాయన” అన్నాడు చిత్రకారుడు. ఆ మాట ఇచ్చేలోపే విలేకరికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది.

సంపాదకుడు ఆ ఖాళీ పూరించే పని కొత్తమ్మాయికి అప్పగించాడు. చిన్నప్పుడు ఉక్కుపిట్టను చదువుకుని పెరిగిన పిల్ల, మూడు నెలల క్రితమే చేరింది. ఒక్క బుడగ కోసం పదకొండు కాగితాలు నింపి, అవన్నీ తెచ్చి ముత్యాలక్క బల్ల మీద పరిచింది.

“మేష్టారి ఉక్కుపిట్ట ఏమంటాడో రాయగలను అక్కా. విలేకరి గారి వాడు ఏమంటాడో మాత్రం ఊహకందట్లేదు. వాడు అసలు నోరు విప్పితేగా.”

“నా వల్ల కూడా కాదమ్మాయ్. ఆయన్నే అడుగుదాం పద” అంది ముత్యాలక్క.

విలేకరి ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ దగ్గర వాలుకుర్చీలో ఉన్నాడు. ఒళ్లో కుడి చెయ్యి ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. వీళ్లను చూసి, “అదే… అదే” అన్నాడు.

“ఇప్పుడాయనకు ఆ ఒక్క మాటే వస్తుందమ్మా” అంది ఆయన భార్య, కుర్చీలు జరుపుతూ. “మంచినీళ్లన్నా అదే, కోపమొచ్చినా అదే. గొంతును బట్టి తెలుసుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాతో ఇంత మాట్లాడింది ఇప్పుడే.” ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

ముత్యాలక్క ఆఖరి పేజీ విప్పి ఆయన ముందు పట్టుకుంది. కొత్తమ్మాయి గొంతు సవరించుకుని చదివింది.

“‘నా చేతికి అందలేదమ్మా.’”

విలేకరి మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. ఆయన భార్య అడ్డంగా తలూపింది.

“‘మీ నాన్న వల్ల ఎందరు చచ్చిపోయారో నీకు తెలుసా?’”

“అదే” అన్నాడాయన పొడిగా, పాత వార్త విన్నట్టు.

మూడోది పొడుగుది, అచ్చం మేష్టారి ధోరణిలో రాసింది. క్షమ గురించీ, ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకున్నందుకు మోయాల్సిన బరువు గురించీ. సగం అయ్యేసరికి విలేకరి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడేమో అనుకున్నారు. ఎడం చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. “అదే, అదే, అదే…”

“మేష్టారు గుర్తొచ్చారు” అంది ఆయన భార్య మెల్లగా. “ఆయన పోయిన రోజున ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎందుకని అడిగితే, ‘ఆ ముసలాయన ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు, తప్పించుకున్నాను’ అన్నారు.”

కొత్తమ్మాయి కాగితాలు మడిచి పెట్టుకుంది. మిగతా ఎనిమిదీ చదవలేదు.

ముత్యాలక్క కుర్చీ దగ్గరికి జరిగి, ఆయన ఎడం చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన్ను పని గురించి తప్ప ఇంకేమీ అడిగింది లేదు.

“విలేకరి గారూ, ఒక్క సంగతి అడుగుతాను. మా ఆయన రోడ్డు మీద పోయాడు. చుట్టూ జనం ఉన్నారు. ఎందుకు ఊరుకున్నారా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. మీరు అలాంటివి ఎన్నో చూశారు కదా. ఆ జవాబు మీకు తెలుసా? తెలిసే ఆ జాగా ఉంచారా?”

ఆయన ఆమె కళ్లలోకి చాలాసేపు చూశాడు. ఈసారి “అదే” అనలేదు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి ఊపాడు. ఆ మొహంలో సిగ్గూ ఉంది, ఏదో దింపుకున్న తేలికా ఉంది.

కొత్తమ్మాయి పెన్సిల్ తీసి, మడిచిన కాగితం వెనక ఒక్క మాట రాసి చూపించింది: ‘తెలియదు.’

విలేకరి దాన్ని చదివి కళ్లు మూసుకున్నాడు. “అదే” అన్నాడు. ఈసారి ఆయన భార్య అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

సంపాదకుడు మాత్రం ఒప్పుకోలేదు. “పిల్లలు చదివే పుస్తకమిది. ఉక్కుపిట్టే తెలియదంటే ఇంక ఎవడికి తెలుస్తుంది? నాలుగు వరుసల జాగాలో ఒక్క మాటా?”

“ఆ మాట కాకపోతే వేరేవాళ్లతో దిద్దించుకోండి సార్” అంది ముత్యాలక్క. ముప్ఫై ఏళ్లలో ఆమె అలా అనడం అదే మొదలు. సంపాదకుడు ఆమె వంకా బొమ్మ వంకా చూసి, విసుగ్గా చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె బుడగ మధ్యలో రెండు సన్నటి గీతలు గీసుకుంది. కలం ముంచింది. మూడుసార్లు సిరా తుడుచుకుని కూర్చుని, నాలుగోసారి దిద్దింది. చుట్టూ తెలుపు మధ్య ఆ మాట చిన్నగా, ఒంటరిగా నిలబడింది.

సంచిక వచ్చాక ఉత్తరాలు వచ్చాయి. వీడు ఉక్కుపిట్టేనా, సిగ్గులేదా అని కొందరు తిట్టిపోశారు. ఒకాయన తాను కూడా ఒకసారి చూస్తూ నిలబడ్డానని రాసి, కింద పేరు పెట్టలేదు. ముత్యాలక్క ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మిగతా వాటితోబాటే కట్టలో పెట్టింది. ఆయన మీద కోపం రాలేదు. జాలీ రాలేదు.

ఆ తర్వాతి సంచిక నుంచి పాత్ర కొత్తమ్మాయిది. ఆమె ఉక్కుపిట్ట ఆ వ్యాపారి కూతురితో కలిసి వంతెన దిగి, కల్తీ మందుల వల్ల చనిపోయినవాళ్ల ఇళ్లకు నడిచి వెళ్తాడు. చాలా చోట్ల తలుపు తియ్యరు. ఆమె కథలో మేష్టారి ఉపన్యాసాలూ లేవు, విలేకరి మౌనమూ లేదు. అందులో ఎక్కువగా ప్రశ్నలే. రెక్కలు వెయ్యాల్సిన పని తగ్గిందని ఇప్పుడు చిత్రకారుడి కొత్త గొడవ.

ముత్యాలక్క ప్రతి ఆదివారం ఉదయం విలేకరి ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. ఎడం చేత్తో రాయడం అలవాటు చేస్తే మంచిదని డాక్టర్ అన్నాడట. అట్ట మీద కాగితం బిగించి, పైనా కిందా గీతలు గీసి, లావు పెన్సిల్ ఆయన వేళ్ల మధ్య ఇరికించింది.

“ముందు సున్న చుట్టండి. వంకరైనా ఫరవాలేదు. నేను మొదట్లో చుట్టినవి చూసి మేష్టారు గుమ్మడికాయలన్నారు.”

మొదటి వారం సున్నాలు. రెండో వారమూ అవే. సున్న మీద తలకట్టు పెట్టి ‘ర’ చెయ్యడానికి నాలుగు వారాలు పట్టింది. ఆ ‘ర’ గీత దాటి కిందికి జారి, పక్కకు ఒరిగిపోయింది. విలేకరి దాన్ని తేరిపార చూశాడు. నుదుట చెమట పట్టింది. ఆయన భార్య వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

ఆయన పెన్సిల్ మొనతో కాగితం కింది భాగంలో తట్టాడు. ముత్యాలక్క స్కేలు అందుకుని ఇంకో రెండు గీతలు గీసింది.