దేవుడి కాళ్ళ గొలుసు

సముద్రం మధ్యనున్న మా తూరు పట్నం గోడను మాసిదోనియా వాళ్ళు ఓడల మీద అమర్చిన దూలంతో కుమ్ముతున్నారు. దూలానికి ముందు ఇనుప మూతి. అది తగిలినప్పుడల్లా మా ఇంట్లో కుండలు కదిలేవి. పైనుంచి ఉచ్చు జారవిడిచి, ఆ మూతిని పట్టి పైకి లాగి, బురుజు రాతికి కట్టేయడం నా మొగుడు అబ్దోసిర్ పని. కమ్మరి మనిషి, మొండివాడు. కానీ మోకులు వేస్తే కిందివాళ్ళు కొడవళ్ళు కట్టిన గెడలతో కోసేస్తున్నారు. గొలుసులేమో అన్నీ శత్రువుల ఓడలు రాకుండా రేవుకు అడ్డంగా కట్టేశాం.

ఊళ్ళో మిగిలింది ఒక్కటే గొలుసు. అది రెషెఫ్ దేవుడి కాళ్ళకుంది. దేవుడు ఊరు విడిచి శత్రువు వైపు పోతున్నట్టు ఎవడికో కలొచ్చిందని, విగ్రహాన్ని బలిపీఠానికి కట్టేశారు మావాళ్ళు. ఆ గొలుసు చేసిందీ నా మొగుడే. ఏం చెప్పను, బుద్ధి గడ్డి తిన్న రోజులు.

ఆ పొద్దున గోడ బీటవారింది. అబ్దోసిర్ నన్ను పిలిచాడు.

"గొలుసు తేకపోతే సాయంత్రానికి నేనుండను, అరిషాత్."

గుడి పెద్ద గెర్సాకోన్ కాళ్ళు పట్టుకున్నాను. కట్టు విప్పితే దేవుడు వెళ్ళిపోతాడని ఒకటే పాట. నాకు ఒళ్ళు మండింది.

"పోతే పోనీ పెద్దాయనా. గోడ పోయాక నువ్వెక్కడుంటావు, నేనెక్కడుంటాను?"

ముసలాణ్ణి పక్కకు నెట్టి, సుత్తితో కొక్కెం పగలగొట్టి, గొలుసు భుజాన వేసుకుని పరిగెత్తాను.

ఉచ్చు పడింది. మూతి చిక్కింది. కొడవళ్ళు గణగణలాడాయి గానీ గొలుసు తెగలేదు. అబ్దోసిర్ కొసను నడుముకు చుట్టుకున్నాడు, మగాళ్ళంతా లాగారు, దూలం గాల్లోకి లేచింది. బురుజు రాతికి ఇంకొక్క బారెడు. అతను నా వైపు చూసి నవ్వాడు. ఎన్నాళ్ళకు చూశానో ఆ నవ్వు.

అప్పుడొచ్చాడు గెర్సాకోన్, దేవుడి కట్లు తెగాయి, ఆయన వెళ్ళిపోతున్నాడని ఏడుస్తూ. బాణాలకు బెదరని మగాళ్ళు ఆ మాటకు బెదిరారు. దేవుణ్ణి చేతులతోనైనా పట్టుకుని ఆపాలని, గొలుసు వదిలి గుడి వైపు పరిగెత్తారు. తిట్టాను, అంగీలు పట్టి గుంజాను. ఒక్కడూ ఆగలేదు.

గొలుసుకు మేమిద్దరమే మిగిలాం.

"వదిలెయ్ అరిషాత్, నీ వల్ల కాదు."

"నోర్మూసుకుని లాగు."

నా అరచేతుల తోలు ఊడొచ్చింది. గొలుసు జారింది, నడుముకు చుట్టుకున్నవాణ్ణి గోడ మీంచి ఈడ్చుకుపోయింది. తర్వాత కాసేపటికే గోడ కూలింది.

నన్ను బందీగా గుడి ముందు నుంచే నడిపించారు. లోపల మావాళ్ళు విగ్రహం కాళ్ళను కావలించుకునే చచ్చిపడున్నారు. దేవుడు ఎక్కడికీ పోలేదు.