సరుగుడు కొమ్మకు కట్టిన ముడి

గాలి ఉంటే చాలు, సరుగుడు ఊరుకోదు.

హోరు మొదలుపెడుతుంది. సన్నగా, ఆగకుండా... గోడ అవతలే సముద్రం ఉన్నట్టు.

మస్కట్‌లో ఆ విల్లాల వెనక ప్రహరీ పొడుగునా సరుగుడు చెట్లున్నాయి. ఇసుకగాలికి అడ్డంగా ఎవరో ఎప్పుడో వేసినవి. విల్లాల్లో ఉండేవాళ్ళెవరూ వాటి పేరు అడగలేదు. సువార్త మాత్రం ఇంటిపనికి వచ్చిన మొదటి రోజే, సూట్‌కేసు ఇంకా చేతిలో ఉండగానే, ఆ హోరు విని ఆగిపోయింది.

అంతర్వేది దగ్గర, సముద్రం ఒడ్డున వాళ్ళ పేట. చుట్టూ సరుగుడు తోటలే. పుట్టిన దగ్గర్నుంచీ చెవుల్లో ఆ హోరే.

ఇక్కడా అదే.

పేటలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. నూనె డబ్బాలో ఇసుక పోసి కొమ్మ గుచ్చుతారు. దూది అంటిస్తారు, అదే మంచు. అసలు మంచు ఎవరు చూశారు గనక!

ఆ కొమ్మకి ఇంకో పనుంది. ఊళ్ళో లేనివాళ్ళ కోసం ఇంటివాళ్ళు దానికి ఒక పేలిక కడతారు. వాళ్ళ బట్టలోంచే చింపిన పేలిక. వచ్చినవాళ్ళు ముందు ఆ ముడి విప్పుకుని, తర్వాతే కాళ్ళు కడుక్కుంటారు. ఇంకొకళ్ళు విప్పకూడదు. కత్తెర అసలే తగలకూడదు. రానివాళ్ళ ముడి అలాగే ఉంటుంది. కొమ్మ ఎండిపోయినా దాన్ని పొయ్యిలో పెట్టరు.

ఇది బైబిల్లో లేదని పాస్టరుగారు ఏటా చెబుతారు. ఏటా అందరికంటే ముందు కట్టేది పాస్టరమ్మగారే.

సువార్తకు ఒక్కతే కూతురు. కెజియా. ఆ పిల్ల కూడా ఒమన్‌లోనే ఉంది... రైసూత్‌లో, చేపల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ డ్యూటీ. తల్లి ఈ చివర, కూతురు ఆ చివర. మధ్యలో రాత్రంతా బస్సు నడిస్తే గానీ తెమలని ఎడారి.

ఒకే దేశం. ఒకే ఎండ. ముఖాముఖి చూసుకుని ఏళ్ళయింది.

తల్లికి సెలవు దొరికితే కూతురికి డ్యూటీ. కూతురికి దొరికితే ఈ ఇంటికి చుట్టాలు. ఫోన్లో మొహాలు చూసుకుంటారు, లేకేం. ఫోన్లో తల నిమరగలరా?

ఈ ఏడు కుదిరింది.

క్రిస్మస్ ముందు రోజు కెజియాకు సెలవిచ్చారు. రాత్రి బస్సెక్కితే పొద్దున మస్కట్. సాయంత్రం బస్సుకి మళ్ళీ తిరుగు. ఒక్క పగలు. మస్కట్‌లోనే, రూవిలో ఉన్న చర్చి దగ్గర కలుసుకోవాలి. తెలుగు ఆరాధనలో పక్కపక్కన కూర్చోవాలి. తర్వాత ఏ హోటల్లోనో ఒకే ప్లేటులో బిర్యానీ తినాలి. అంతకంటే ఏమీ అడగలేదు సువార్త.

ఆ ఇంటావిడ సాయిప్రియ మేడం సరేనంది. నవ్వుతూనే అంది.

"నా కుండీలు పూర్తి చేసెయ్ సువార్తా, ఆ రోజంతా నీదే. ప్రామిస్."

కుండీలు...

గేటుకు అటొకటి, ఇటొకటి. నడుమెత్తు మట్టి కుండీలు. చలిదేశాల్లో పండక్కి గుమ్మం ముందు అలా పెడతారట, పచ్చని కొమ్మలూ కాయలూ ఎండుపుల్లలూ గుచ్చి. మేడం ఫోన్లో చూసింది. మేడం భర్త రవితేజ సార్‌కి పైన ఒక ఇంగ్లిష్ బాస్ ఉన్నాడు. ఆయన భార్య ఇదే కాంపౌండ్‌లో, రెండు సందుల అవతల ఉంటుంది. సాయంత్రం వాకింగ్‌కి ఇటే వస్తుంది. ఆవిడ కంట్లో పడాలి. సంగతి అది.

లోపల వెంకటేశ్వరస్వామి పటం, బయట క్రిస్మస్ కుండీ. తప్పేం లేదు. ఆ ఇంట్లో ఆ పండగ నిజంగా ఉన్నది సువార్త ఒక్కదానికే, ఆ మాట ఎవరికీ తట్టలేదు.

షాపులో కొన్న చలిదేశపు కొమ్మలు విమానమెక్కి వచ్చాయి. వచ్చిన మూడోనాటికే మస్కట్ ఎండకు ఎర్రబడ్డాయి. ఆకులు సూదుల్లా గేటు ముందంతా రాలాయి. మేడం ఏడుపు మొహం పెట్టింది.

"ఇప్పుడెలా సువార్తా?"

అప్పుడు ఊరుకోవాల్సింది. ఏమోనండీ, అనేస్తే పోయేది. నోరు ఊరుకుంటేగా!

"సరుగుడు పెడదామండి," అంది.

కాంపౌండ్‌లో తోటపని చేసే ఇస్రాయేలు కడపవాడు. నిచ్చెన వేసుకుని కొమ్మలు కోసిచ్చాడు. ఇచ్చి నవ్వాడు.

"వీటితో ఏం జేస్తావక్కా? మేకలు గూడా మూతి పెట్టవు."

"పండగ చేస్తానయ్యా."

ఇసుక తడిపింది. పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలిచేదాకా తడిపింది. కాడలు ఏటవాలుగా కోసి బకెట్ నీళ్ళలో నానబెట్టింది. అన్నిటికంటే పొడుగు కొమ్మ నడిమధ్యన. దాని చుట్టూ పొట్టివి. అంచుల మీంచి కిందికి వాలేవి వాలేలా. సందుల్లో రేగు కొమ్మలు, దోరకాయలతో సహా. కాయలు రాలిపోయి ఎండిన ఖర్జూరపు గెలలు. వంటింటి డబ్బాలోంచి నల్లగా ఎండిన నిమ్మకాయలు, ఇక్కడివాళ్ళు కూరలో వేసేవి, దారానికి గుచ్చి. చివర గుప్పెడు సరుగుడు కాయలు.

పసరు వాసన... వేళ్ళనిండా పసరు వాసన. పేటలో ఉన్నట్టే ఉంది.

ఎడమ కుండీలో, గోడవైపు, ఎవరికీ కనపడని చోట, నడిమి కొమ్మకు పేలిక కట్టింది. కెజియా చిన్నప్పటి గులాబీరంగు పరికిణీ అంచు. ఇన్నేళ్ళూ బైబిల్లో దాచుకుంది. గాలికి ఊడకూడదని ముడి మీద ముడి వేసి, పంటితో లాగి బిగించింది.

రోజూ పొద్దున్నే, ఎండెక్కక ముందే, నీళ్ళు చిలకరించింది. కొమ్మలకీ. కాయలకీ. ముడికీ.

ఒకడుగు వెనక్కేసి చూసుకుంది. అబ్బ!

బాగుంది. ఎంత బాగుందో! ఆ బాగుండటమే కొంప ముంచింది.

మేడం ఫొటో తీసి కాంపౌండ్ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. బాస్ భార్య చూసింది. వచ్చి కళ్ళారా చూస్తానంది, స్నేహితుల్ని కూడా తెస్తానంది. ఎప్పుడు? క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం. మామూలు కుండీలైతే ఆవిడ తల తిప్పి కూడా చూసేది కాదు. ఆ మధ్యాహ్నం సువార్తకు ఉండిపోయేది.

మేడం ఆ సంగతి దానికి ముందు రోజు రాత్రి చెప్పింది. అప్పటికి కెజియా ఎక్కిన బస్సు, రైసూత్ పక్కనున్న సలాలా దాటేసింది.

"ఒక్క రోజు అడ్జస్ట్ అవ్వు సువార్తా. నువ్వు మా ఇంటి మనిషివి కదా."

ఇంటి మనిషి! ఇంటి మనుషులకి సెలవులుండవు మరి.

"అమ్మాయి వస్తందండి." మెల్లగా అంది సువార్త. "బస్సెక్కేసిందండి."

"అయ్యో, ఇక్కడికే రమ్మను! నేను వద్దన్నానా?"

నిజమే, వద్దనలేదు. మేడం మంచిదే. చెడ్డదైతే కడుపారా తిట్టుకోవడానికైనా ఉండేది.

పొద్దున ఫోన్ మోగేసరికి సువార్త ఉల్లిపాయలు కోస్తోంది. కన్నీళ్ళకి సాకు సిద్ధంగా ఉంది.

"అమ్మా, చర్చికాడున్నానే. నువ్వెక్కడ?"

"ఇక్కడికే వచ్చెయ్యవే..." చెప్పింది. తనెందుకు రాలేదో చెప్పింది.

కెజియా వెనక, చర్చిలోంచి, పాట వినిపిస్తోంది. తెలుగు పాట. ఇద్దరూ కాసేపు అదే విన్నారు.

"సరేలేమ్మా. వత్తన్నాను," అంది కెజియా.

వచ్చింది. తెల్ల చుడీదార్లో, గేటు బయట, ఎండలో. చిక్కిపోయింది. సువార్త చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది. కూతురి తల పట్టుకుంది. ఎదకి అదుముకుంది. జుట్టులో బస్సు దుమ్ము వాసన, దానికింద, ఎంత తలంటుకున్నా పోని చేపల వాసన...

అంతలో అతిథుల కార్లు వచ్చేశాయి.

"ఈ అమ్మాయేనా కెజియా?" మేడం పట్టుచీరలో గేటు దాకా వచ్చింది. "ఎంత బాగున్నావమ్మా! దేవుడే పంపించాడు. క్యాటరింగ్‌వాళ్ళు ఒక్క మనిషినే పంపారు. ఆ ట్రే కొంచెం అందుకుంటావా?"

కెజియా తల్లి మొహం చూసింది. తల్లి నేల చూసింది.

కెజియా చున్నీ నడుముకు బిగించింది.

అంతే. అలా గడిచిపోయింది పగలు. ఆమె లోపలికి వస్తుంటే ఈమె బయటికి. ఈమె లోపలికి వస్తుంటే ఆమె బయటికి. వంటింటి గుమ్మంలో ట్రేలు తగులుకుంటున్నాయి.

"తిన్నావా?"

"నువ్వో?"

ఇంకో ట్రే. ఇంకో ప్లేటు. బిర్యానీ ఉంది, ఇల్లంతా దాని వాసనే. వాళ్ళిద్దరికీ ఒక్క ప్లేటు పెట్టుకునే తీరిక లేదు.

బాస్ భార్య కుండీల ముందు నిలబడి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. నల్ల నిమ్మకాయల్ని ముట్టుకుంది, వాసన చూసింది. ఇది చేసినామెతో ఫొటో కావాలంది. సువార్తని పిలిచారు. నడుమ ఆవిడ, పక్కన మేడం, ఈ చివర సువార్త. ఫొటోలో ఇంకో చివర ఒక చెయ్యి పడింది... ట్రే పట్టుకున్న చెయ్యి. కెజియాది.

ఇన్నేళ్ళకి తల్లీకూతుళ్ళు కలిసి దిగిన ఫొటో అదొక్కటే.

తన గుమ్మం ముందు కూడా ఇలాంటివి ఉంటే ఎంత బాగుంటుందో, అంది బాస్ భార్య. ఊరికే అంది. మేడం అందుకుంది.

"మా సువార్త చేసిపెడుతుంది. రేపే," అంది ఇంగ్లీషులో.

రేపంటే క్రిస్మస్.

టాక్సీ వచ్చింది. బస్సు టైమైంది. ట్రేలు దించి ఇద్దరూ గేటు దగ్గరికి పరుగెత్తారు.

"ముడి! ముడి విప్పి వెళ్ళవే!"

కెజియా కుండీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కొమ్మలు పక్కకి తీసింది. గులాబీరంగు చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"నా పరికిణీ!"

వేళ్ళు ముడి మీద పెట్టింది. లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

అప్పుడు చూసింది సువార్త ఆ చేతుల్ని.

ఐసులో, ఉప్పునీళ్ళలో నాని ఉబ్బిన వేళ్ళు. కణుపు కణుపుకీ పగుళ్ళు. ఒరిసిపోయిన గోళ్ళు. బొటనవేలు సగం వరకే వంగుతోంది. ఫోన్లో ఎప్పుడూ మొహమే చూపించేది ఈ పిల్ల. ఒక్కసారి, ఒక్కసారైనా చేతులు చూపించలేదు.

"ఏంటే ఈ చేతులు?"

"ఏం లేదమ్మా. చలి."

"రైసూత్‌లో చలేంటే!"

"ఐసు చలమ్మా."

పేటలో ఎవరూ క్రిస్మస్ కొమ్మకు నీళ్ళు పోయరు. పొడి ఇసుకలో గుచ్చుతారు, పొడిగానే ఉంటుంది ముడి. ఇక్కడ సువార్త పోసింది. కొమ్మ పచ్చగా ఉండాలని, మేడం మెచ్చాలని, ఆ ఒక్క రోజు తనకి దక్కాలని పోసింది. రోజూ నాని, రోజూ ఎండి, ఆ ముడి రాయిలా బిగుసుకుపోయింది.

కెజియా పంటితో పట్టింది. టాక్సీ హారన్ కొట్టింది.

"అయ్యో, దీనికింత అవస్థెందుకు?" మేడం. పాపం, సాయం చేద్దామనే వచ్చింది. చేతిలో కత్తెర. "ఉండు, నేను కట్ చేస్తా."

"వద్దండీ!"

సువార్త అరిచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. లాన్‌లో అందరూ ఇటు తిరిగారు. మేడం కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

హారన్. మళ్ళీ హారన్.

కెజియా లేచింది. మోకాళ్ళకి అంటిన ఇసుక దులుపుకుంది. తెల్ల చుడీదారు మీద నూనె మరకలు.

"వచ్చే ఏడు విప్పుతాలేమ్మా," అంది. నవ్వే అంది.

టాక్సీ మలుపు తిరిగింది. సువార్త లోపలికి వెళ్ళి గిన్నెలు తోమింది.

క్రిస్మస్ నాడు బాస్ ఇంటి ముందు కూర్చుని ఇసుక తడిపింది. కాడలు ఏటవాలుగా కోసింది. పొడుగుది మధ్యన, పొట్టివి చుట్టూ. ఈసారి బాగా చెయ్యకూడదనుకుంది. చెత్తగా చేసి పారెయ్యాలనుకుంది. చేతులు వినలేదు. వాటికి చెత్తగా చెయ్యడం రాదు. ఆ చేతుల మీద వచ్చినంత కోపం ఆమెకి ఈ ప్రపంచంలో ఎవరి మీదా రాలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. కొమ్మలు వాడాయి.

"తీసేయ్ సువార్తా, బాగోలేవు," అంది మేడం.

అన్నీ తీసేసింది. ముడి ఉన్న కొమ్మ ఒక్కటే పారెయ్యలేదు. ఖాళీ నూనె డబ్బాలో ఇసుక పోసి, పొడి ఇసుక, ఇంటి వెనక వంటింటి కిటికీ కింద గుచ్చింది.

ఇస్రాయేలు చెత్త ఊడుస్తూ ఆగాడు.

"ఇంకా ఏంటికక్కా ఇది? ఎండిపాయ గదా."

"ఉండనీయయ్యా."

కెజియా ఫోన్ చేస్తోంది. మొహమే కనపడుతుంది.

"చేతులు చూపించవే," అంటుంది సువార్త.

"సిగ్నల్ లేదమ్మా," అంటుంది కెజియా.

ఎండిపోయింది కొమ్మ. సగం ఆకు రాలింది. గులాబీరంగు వెలిసి తెల్లబడుతోంది. ముడి మాత్రం అలాగే ఉంది.

కిటికీ పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. అది తిరిగితే వంటింటి వేడిగాలి ఆ కొమ్మ మీదికే పోతుంది.

హోరు మొదలవుతుంది. సన్నగా, గరగరగా, ఆగకుండా...

సువార్త గిన్నెలు తోముతూ వింటుంది. గాలి ఉంటే చాలు కదా దానికి.