కుర్చీకి కోటు, కుక్కకి స్వెటర్

ఆ ఆఫీసులో సాయంత్రం ఆరవగానే అందరూ గడియారం వంక చూస్తారు, ఎవరూ లేవరు. డైరెక్టర్ ప్యో గారు లేచేదాకా ఇంకెవరూ లేవకూడదని ఎక్కడా రాసిలేదు. రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. సియోల్‌లో అలాంటి ఆఫీసులు కోకొల్లలు. ప్యో గారికి ఇల్లంటే ఎందుకో గిట్టదు. ఆ గిట్టకపోవడం ఏదో ఆయన ఒక్కడే పడితే బాగుండేది, అంతస్తు మొత్తం పడేది.

అందుకే అక్కడ కుర్చీకి కోటు తగిలించే అలవాటు వచ్చింది. మనిషి కిందికి దిగి ఇన్ని నూడుల్స్ తినొచ్చినా కోటు కనిపిస్తుంటే మనిషి ఉన్నట్టే లెక్క. కొత్తగా చేరినవాళ్ళ కోటు ఉట్టి కోటే. కొన్నేళ్ళపాటు చెమటా, కాఫీ, చీవాట్లూ బాగా ఇంకాక దాని భుజాలు నిండుతాయి. చేతులు బల్ల మీదికొచ్చి పని అందుకుంటాయి. మేనేజర్ హ్యేరిమ్‌ది నల్లటి ఉన్ని కోటు. పట్టికలు తయారుచెయ్యడంలో అది ఆవిడ కంటే చురుకని పక్క సీటు సోల్బి అనేది.

మరి కోటు పని చేస్తుంటే మనిషి ఇంటికి పోవచ్చు కదా అని తెలియనివాళ్ళు అడుగుతారు. పని చేసేవాళ్ళకే పని చెబుతారన్న సంగతి వాళ్ళకి తెలీదు. కోటు చేతులు కుదురుకోగానే ప్యో గారు వచ్చి, "హ్యేరిమ్ గారూ, ఇక్కడ మీ కోటు చూసుకుంటుందిగా, మీరు ఫ్యాక్టరీకి వెళ్ళి రండి" అన్నారు. ఫ్యాక్టరీ అయ్యాక దుకాణాల వాళ్ళతో విందులు, విందుల్లో వాళ్ళు పోసినంతా తాగడాలు. ఆ కంపెనీ ఎండకి మొహం కమలకుండా రాసుకునే క్రీములు చేస్తుంది. ఆ క్రీములు తయారుచేయించే హ్యేరిమ్ ఎండలో నిలబడి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

ఒంటరి మనిషి. నలభైకి దగ్గరపడింది. ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఓ వసంతం మధ్యాహ్నం వదిలేసిన కుక్కల షెల్టర్ ముందు కారాపింది. ఎందుకు ఆపిందో తనకే తెలీదు. లోపల ఓ మూల గిన్నె అడుగున పట్టిన మాడన్నం రంగులో పిడికెడు కుక్క ఒకటి కూర్చుని ఉంది. అది అందరిలా మొరగలేదు. తలుపు వంకే చూస్తోంది.

"ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసేవాళ్ళకి మేం ఇవ్వమండీ" అంది షెల్టర్ చూసుకునే చేవోన్. మొహమాటం లేని పిల్ల. "దీని పాత యజమాని కూడా పెద్ద ఉద్యోగస్తుడే. ఇది ఎదురుచూసీ ఎదురుచూసీ తలుపు గీకి గోళ్ళు ఊడగొట్టుకుంది. మీరు ఇంటికి ఎన్నింటికొస్తారు?"

"ఆరింటికల్లా లేస్తాం" అంది హ్యేరిమ్.

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, ఒక్క క్షణం ఆవిడ కూడా నమ్మింది.

చేవోన్ ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. "సరే. చలికాలంలో వచ్చి చూస్తాను. ఇది అక్కడ సంతోషంగా లేదనిపిస్తే ఆ పూటే తీసుకుపోతాను. తర్వాత ఏడవకూడదు."

తిండి పేరు పెడితే కుక్క ఎక్కువకాలం బతుకుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకని హ్యేరిమ్ దానికి మాడన్నం పేరే, నూరుంజి అని పెట్టింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి మూడు రోజులు సెలవు పెట్టింది. ఆ మూడు రోజులూ ఒకటే స్వెటర్, ఆకుపచ్చది, ముందు గుండీలుండేది. అది వేసుకునే, అడుగునుంచి వేడి వచ్చే వెచ్చటి నేల మీద కుక్కని పొట్ట మీద పడుకోబెట్టుకుని తనూ పడుకుంది. చిలగడదుంప ఉడకబెట్టి ఊదిపెట్టింది. వాగు గట్టున నడిపించింది. దాని చెవిలో ఏవేవో చెప్పుకుంది. తను నవ్వితే ఎలా ఉంటుందో తనకే కొత్తగా అనిపించింది.

నాలుగో రోజు ఆఫీసుకి పోయింది. అర్ధరాత్రి దాటాక వచ్చింది. అలా వారం గడిచేసరికి ఎదురింటి తాక్ పిన్నిగారు పొద్దున్నే తలుపు తట్టింది.

"అమ్మాయ్, నీ కుక్క రోజంతా ఏడుస్తోంది. మొరిగితే తిట్టేదాన్ని. ఏడిస్తే ఏం చెయ్యను?"

"తప్పయింది పిన్నిగారూ. పని..."

"పని లేనిదెవరికి? నీ వొంటి వాసన ఉన్నదేదన్నా దాని దగ్గర పడేసి పో. మా కోడలు అలాగే చేస్తుంది."

హ్యేరిమ్ ఆకుపచ్చ స్వెటర్‌ని నేల మీద పరిచి వెళ్ళింది. ఏడుపు ఆగింది. ఆఫీసు కోటుకి ఏళ్ళు పట్టింది కానీ, స్వెటర్‌కి ఎండాకాలం రాకముందే భుజాలు నిండాయి. మొదట కుక్కని నిమిరేది. తర్వాత గిన్నెలో తిండి వెయ్యడం, నీళ్ళు మార్చడం నేర్చుకుంది. వానలు పట్టేసరికి వాగు దాకా తీసుకెళ్ళి, వచ్చాక గుమ్మంలో కాళ్ళు తుడిచి లోపలికి పంపడం కూడా మొదలెట్టింది.

"నీ స్వెటర్ బుద్ధిమంతురాలు" అంది తాక్ పిన్నిగారు లిఫ్టులో. "నిన్న వానలో నా సంచీ కూడా పట్టుకుంది. మోచేతి దగ్గర దారం ఊడింది, చూసుకో."

హ్యేరిమ్‌కి ప్రాణం కుదుటపడింది. ఇంట్లో స్వెటర్ ఉంది, ఆఫీసులో కోటు ఉంది, రెండుచోట్లా తనకి మాట రాదు. ఈ ఏర్పాటు బాగుందనుకుంది. బాగున్నట్టు కనిపించేవాటితోనే చిక్కు.

తలుపు మీద అంకెలు నొక్కితే టింగుమని మోగుతుంది. మొదట్లో ఆ మోతకి నూరుంజి చెప్పులు విడిచే చోటికి ఉరికొచ్చి, హ్యేరిమ్ కాళ్ళ మధ్య పడి దొర్లేది. తర్వాత్తర్వాత నడిచి వచ్చేది. ఆకులు రాలే రోజుల్లో స్వెటర్ ఒళ్ళోంచి తలెత్తి చూసి, మళ్ళీ వాల్చేది. ఓ ఆదివారం హ్యేరిమ్ దాన్ని ఎత్తుకోబోతే ఒళ్ళు బిగదీసుకుంది. ఆవిడకి ఏడుపొచ్చింది, కానీ ఫోను మోగింది. ఫోను అయ్యేసరికి ఏడుపు ఎందుకొచ్చిందో మర్చిపోయింది.

మంచు మొదలయ్యాక చేవోన్ ఫోను చేసింది. "గురువారం ఏడింటికి వస్తున్నానండీ. ఇంట్లో ఉంటారుగా?"

"ఉంటాను. ఆరింటికే లేస్తాంగా."

ఆ గురువారం ఆరవగానే హ్యేరిమ్ నిజంగానే లేచింది. లేచిన చప్పుడుకి అంతస్తంతా తలలెత్తింది. ప్యో గారు అద్దాలు ముక్కు మీదికి జార్చి చూశారు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. ఇంటికెళ్ళాలి. నా కుక్కని చూడ్డానికి వస్తున్నారు. నేను లేకపోతే తీసుకుపోతారు."

"కుక్కా?" ప్యో గారు ఆ మాటని కాసేపు నోట్లో తిప్పుకున్నారు. "దానికేం, వెళ్ళండి. కోటు మాత్రం ఉంచి వెళ్ళండి."

బయట గడ్డకట్టే చలి. హ్యేరిమ్ కోటు భుజం పట్టి లాగింది. కోటు రాలేదు. ఒక చెయ్యి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది, రెండో చెయ్యి పట్టిక నింపుతూనే ఉంది.

"పని మధ్యలో ఉంది మేనేజర్ గారూ, వదిలెయ్యండి" అంది సోల్బి మెల్లగా. "నా శాలువా ఇవ్వనా?"

హ్యేరిమ్ శాలువా కోసం ఆగలేదు. సన్నటి చొక్కాతోనే మెట్రో దాకా పరిగెత్తింది. పళ్ళు టకటకలాడుతున్నా లోపల సంతోషంగా ఉంది. ప్యో గారి కంటే ముందు లేచింది. ఇక రోజూ లేస్తుంది. కావాలంటే ఉద్యోగమే మానేస్తుంది. ఈ మాట నూరుంజికి చెప్పాలి.

తలుపు టింగుమంది. చేవోన్ ముందే వచ్చి నేల మీద కూర్చుని ఉంది, చేతిలో వేడి బార్లీ టీ. ఎదురుగా స్వెటర్. స్వెటర్ ఒళ్ళో వెల్లకిలా పడుకుని నూరుంజి, నిగనిగలాడుతూ, పొట్ట గోకించుకుంటోంది. స్వెటర్ మోచేతి దారం ఎవరో సరిచేశారు.

"ఎన్నో ఇళ్ళు చూశాను కానీ ఇంత సంతోషంగా ఉన్న కుక్కని చూళ్ళేదు" అంటోంది చేవోన్ స్వెటర్‌తో. "దీన్ని వెనక్కి తీసుకెళ్ళే పని లేదు." అప్పుడు గుమ్మం వంక తిరిగింది. "మీరూ..."

"నేనే. ఓక్ హ్యేరిమ్. నేనే తెచ్చుకున్నాను దీన్ని. గుర్తులేదా?"

చేవోన్ కళ్ళు చిట్లించింది. "మొహం అదే లాగుంది. కానీ ఆ రోజు వచ్చినావిడ..." అని ఆగిపోయింది. "పిలవండి చూద్దాం."

"నూరుంజీ" అంది హ్యేరిమ్. మళ్ళీ పిలిచింది. "నూరుంజీ, నేనమ్మా."

కుక్క లేచి నిలబడింది. రెండడుగులు వేసి గాలి వాసన చూసింది. ఆవిడ దగ్గర సిగరెట్టు పొగ, సారాయి, క్రీముల వాసన ఉన్నాయి. ఇంకేవీ లేవు. కుక్క వెనక్కి తిరిగి ఒళ్ళోకెళ్ళి కూర్చుంది.

హ్యేరిమ్‌కి ఒకటే తోచింది. ఆ స్వెటర్ నాదేగా, వేసుకుంటే సరి. వంగి దాని గుండీ మీద చెయ్యి వేసింది. నూరుంజి కరిచింది. షెల్టర్‌లోనూ ఎవర్నీ కరవని కుక్క, బొటనవేలు పట్టి వదల్లేదు. స్వెటర్ దాని మెడ నిమిరితే అప్పుడు వదిలింది.

"బెదరగొట్టకండి" అంది చేవోన్. కోపంగా కాదు, జాలిగా. లేచి టీ కప్పు కడిగి బోర్లించింది. "ఏమనుకోకండి. కుక్క తెచ్చుకున్నవాళ్ళది కాదు, దానితో ఉన్నవాళ్ళది."

చేవోన్ వెళ్తూ తెరిచిన తలుపులోంచి తాక్ పిన్నిగారు తొంగిచూసింది. చూడగానే అంతా అర్థమైంది. "నీలో ఉన్న కాస్త మంచీ ఆ ఉన్నికి పట్టేసిందే అమ్మాయ్" అంది. "నీకంటూ కాస్త ఉంచుకోవలసింది." ఆవిడ ఓ గుడ్డపీలిక తెచ్చి వేలికి కట్టి, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.

ఫోనులో ప్యో గారి సందేశం వచ్చి ఉంది. కోటు బ్రహ్మాండంగా పూర్తిచేసింది, వచ్చే నెల నుంచి సీటు దాని పేరు మీదికి మారుస్తున్నాం, మీరు నిదానంగా విశ్రాంతి తీసుకోండి. హ్యేరిమ్ రెండుసార్లు చదివింది. కోపం రావాలి కదా అనుకుంది. వస్తుందేమోనని చూసింది, అది కూడా కోటుతోనే ఉండిపోయినట్టుంది.

లోపలికి వెళ్ళడానికి మనసు రాలేదు. బయటికి వెళ్ళడానికి ఒంటి మీద కోటు లేదు. చెప్పులు విడిచే చోట, గోడ వారన, నేల కాస్త అరిగి నున్నగా ఉంది. వసంతంలో నూరుంజి తన కోసం కూర్చుని అరగదీసిన చోటది. హ్యేరిమ్ అక్కడ కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

కాసేపటికి స్వెటర్ కుక్కని పక్కన పడుకోబెట్టి లేచొచ్చింది. ఉడికిన చిలగడదుంప ముక్క ఒకటి గిన్నెలో వేసి ఆవిడ ముందు పెట్టింది. వేడిగా ఉందని చేత్తో విసిరి చల్లార్చింది. ఆవిడ తల మీద రెండుసార్లు తట్టి, లోపలికెళ్ళి దీపం ఆర్పేసింది.

హ్యేరిమ్ ఆ ముక్క తింది. తర్వాత తలుపు వంక చూస్తూ కూర్చుంది.