రెండిళ్ళ సంపు

ఆ యోరిస్ మళ్ళీ పడవ దిగాడని తెలియగానే అనెజీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న వంకాయ పాపం ఏం చేసిందో గానీ, నాలుగు ముక్కలు కావాల్సింది ముద్దయిపోయింది.

కోపం రాదా మరి! రెండేళ్ళ కిందట ఈ పెద్దమనిషే వచ్చి, ఆమె తమ్ముడు సిదేరిస్ ఇంట్లో దిగి, తిని, తిరిగి, తన దేశం వెళ్ళి పత్రికలో రాశాడు. ఎవరికీ తెలియని గ్రీకు దీవి, జనం తాకిడి లేని చోటు, త్వరగా వెళ్ళి చూడండి అని. రాశాడో లేదో, తాకిడి మొదలైంది. ఎవరూ రాని చోటు కోసం అందరూ వచ్చిపడ్డారు. ఆ జెరోనిసి దీవి రేవులో వలలు ఆరబెట్టుకోవడానికి జాగా లేకుండా పోయింది. సరే, మనుషులు వస్తే వచ్చారు, సిదేరిస్ వాళ్ళకు గదులు అద్దెకిచ్చాడు, వాళ్ళ వెంట స్నానాలు కూడా వచ్చాయి. నిద్ర లేచి ఒకటి, సముద్రంలో మునిగొచ్చి ఒకటి, సాయంత్రం ముస్తాబుకు ముందు ఇంకొకటి. ఆ నీళ్ళన్నీ ఎక్కడివి? అనెజీనా సంపులోవి!

సగం అనెజీనాది, సగం సిదేరిస్‌ది అనాలి. జెరోనిసిలో బావి లేదు, వాగు లేదు. సున్నం కొట్టిన డాబాల మీద పడిన వాన ఇంటి కింద సంపులోకి దిగుతుంది, వేసవంతా ఆ నీళ్ళే గతి. తండ్రి పోయేముందు ఇంటికి నడిమధ్య గోడ కట్టించి అక్కాతమ్ముళ్ళకు పంచాడు గానీ, కిందున్న సంపుకు గోడ కట్టడం ఆయన వల్ల కాలేదు. ఆమె వాకిట్లో ఒక మూతి, తమ్ముడి వాకిట్లో ఒక మూతి. అడుగున మాత్రం ఒకటే నీళ్ళు.

ఆ నీళ్ళలో ఒక మలుగు ఉండేది. పాములాగా పొడుగ్గా, నల్లగా ఉండే చేప. పురుగూ పుట్రా తినేసి నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని అక్కడ సంపుకొకటి వదులుతారు. అనెజీనా పెళ్ళికి ముందు తండ్రి తెచ్చి వదిలిన మలుగు అది. మొగుణ్ణి సముద్రం మింగింది, ఆ మలుగు మాత్రం అలాగే ఉంది. తండ్రి చెప్పిపోయిన మాట కూడా దాని గురించే. "పైనుంచి చూస్తే దాని వీపు కనబడిందా, ఇక ఇంటికి రోజుకు ఒక్కటే చేద. వానలు పడేదాకా అంతే. మీరిద్దరూ పోట్లాడుకోండి, నాకు అక్కర్లేదు. ఈ మాట మాత్రం తప్పకండి."

ఆ ఏడు ఆగస్టు ఇంకా సగం కూడా కాలేదు, మలుగు వీపు కనబడింది.

నీళ్ళు అయిపోతే అనెజీనా పని అయిపోయినట్టే. మేకల్ని తోలుకుని, ఇంటికి తాళం పెట్టి, అవతలి ఒడ్డున మొగుడి తరఫువాళ్ళ గుమ్మంలో పడి ఉండాలి. చావనైనా చస్తాను గానీ ఆ గుమ్మం తొక్కను అనుకునేది ఆమె. గబగబా తమ్ముడి వాకిట్లోకి వెళ్ళింది.

"ఒరేయ్ సిదేరీ, మలుగు వీపు కనబడుతోందిరా. ఆ మోటారు ఆపు."

సిదేరిస్ టమాటాలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఇప్పుడు కాదక్కా. యోరిస్ వచ్చాడు. మళ్ళీ రాస్తాడట."

"వాడి రాత తగలెయ్య! నాన్న ఏం చెప్పాడు?"

"నాన్న ఉన్నప్పుడు అతిథులున్నారా? నీళ్ళ పడవకు కబురు పెడతాలే."

"పోయినేడూ ఇదే కూత కూశావు. వచ్చింది పడవ. రేవులో హోటలుకు పోసి, మన మొహాన పొగ వదిలి పోయింది."

సిదేరిస్ భార్య మరూసో తువ్వాళ్ళు ఆరేస్తూ అందుకుంది. "మీరు ఒక్కరేగా వదినా, మీరు తోడేదెంత? ఊరికే ఎందుకింత గోల?"

"నేను నోరు కట్టుకుని మిగిల్చింది నువ్వు వాళ్ళ వీపుల మీద పోయడానికటే?" అని అరిచి అనెజీనా వచ్చేసింది. వెనకాల మోటారు గుర్రుమంటూనే ఉంది.

మధ్యాహ్నం మేకలకు నీళ్ళు పెడుతుంటే ఆమెకు ఒక ఆలోచన తట్టింది. మలుగు సంగతి తమ్ముడు అతిథులకు చెప్పడు. అడిగితే కొండ ఊట నీళ్ళని బొంకుతాడు. మరి వీళ్ళా, బల్లిని చూస్తే మంచమెక్కేవాళ్ళు! తాము పుక్కిలించే నీళ్ళలో ఏముందో కళ్ళారా చూస్తే ఒక్కడైనా ఉంటాడా? వచ్చే పడవకే మూటాముల్లే సర్దుకోరూ?

మర్నాడు భోజనాల వేళ సిదేరిస్ పందిరి కింద యోరిస్, ఇంకా అరడజను మంది కూర్చుని ఉన్నారు. అనెజీనా తన వాకిట్లోని సంపు మూతి దగ్గర చేదలో చేపపేగు ముక్క వేసి కిందికి దించింది. మలుగు వచ్చి చేదలో దూరగానే పైకి లాగి, అదే ఊపులో తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద, గిన్నెల మధ్య ధడాలున పెట్టింది.

"చూడండి, బాగా చూడండి! మీరు పళ్ళు తోముకునే నీళ్ళలో కాపురముండేది ఇదే!"

మలుగు చేదలో మెలి తిరిగింది. ఒకావిడ కెవ్వున కేక పెట్టి లేచింది, కుర్చీ బోర్లాపడింది. సిదేరిస్ మొహం తెల్లగా పాలిపోయింది. అబ్బ, అనెజీనా కడుపు ఎంత చల్లబడిందో!

యోరిస్ మాత్రం లేవలేదు. మెల్లగా వంగి చేదలోకి చూశాడు.

"అమ్మా," అన్నాడు, వచ్చీరాని గ్రీకులో, "దీని వయసెంత?"

"నీకన్నా పెద్దది. లేచి పో."

"మీ నాన్నగారు వదిలారా? నీళ్ళను కాపలా కాస్తుందా?" అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ఇంత అందమైన సంగతి నేనెక్కడా వినలేదమ్మా."

కేక పెట్టినావిడే ఫోను తీసి మొదటి ఫోటో కొట్టింది.

అంతే. యోరిస్ ఆ సాయంత్రమే రాసి పారేశాడు. ఆ తర్వాత ప్రతి పడవా జనాన్ని దింపేది, దిగినవాళ్ళు దిగినట్టే మలుగు ఇల్లెక్కడ అని అడిగేవాళ్ళు. సిదేరిస్ వచ్చినవాళ్ళకల్లా దాన్ని పైకి లాగి చూపించేవాడు. చూసినవాళ్ళు ఊరుకుంటారా, ఉండిపోయేవాళ్ళు. ఉన్నవాళ్ళు స్నానం మానుతారా? మోటారుకు ఊపిరి పీల్చే తీరిక లేదు.

"అంతా నీ చేతి చలవే అక్కా!" అన్నాడు సిదేరిస్ గోడ మీంచి, పళ్ళన్నీ బయటపెట్టి. "నేనేమో సిగ్గుపడి దాచుకుంటూ కూర్చున్నాను!"

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. తన చేత్తో తనే తవ్వుకున్న గొయ్యి, ఎవణ్ణని తిడుతుంది?

ఇంకా ఆగస్టు వెళ్ళకముందే ఒక పొద్దున మోటారు ఖాళీగా గీపెట్టి ఆగిపోయింది.

అనెజీనా మూత తీసింది. లోపల నీటి మెరుపు లేదు. గోడకు దిగగొట్టిన ఇనప మెట్లు పట్టుకుని తనే కిందికి దిగింది. అడుగున బురద. ఒక మూల దోసెడు నీళ్ళలో మలుగు చుట్ట చుట్టుకుని దవడలు ఆడిస్తోంది. ఇక అవతలి ఒడ్డుకు పోక తప్పదు. అక్కడిదాకా మేకల గొంతు తడపడానికి ఇంట్లో మిగిలింది ఒక్క కూజా నీళ్ళు. అందులో దీన్ని వేస్తే మేకలు చస్తాయి. వెయ్యకపోతే ఇది చస్తుంది.

"నాన్నా, నన్ను క్షమించు," అంది ఆ చీకట్లో, బురదలో కూలబడి. తర్వాత మలుగును తలగుడ్డలో చుట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ పైకి వచ్చింది.

మధ్యాహ్నం పందిరి కింద బల్ల నిండా మనుషులు. వాళ్ళతో సిదేరిస్ చెబుతున్నాడు. "మోటారు కాస్త మొరాయించింది, అంతే. రేపటికి బాగవుతుంది." అక్క రావడం చూసి అతని మొహం విప్పారింది. "మలుగును తెచ్చావా అక్కా? వీళ్ళు పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నారు."

"తెచ్చాను," అంది అనెజీనా. మూత పెట్టిన పళ్ళెం తమ్ముడి ముందు పెట్టి, మూత తీసింది. నూనెలో వేయించిన ముక్కలు, పైన వెల్లుల్లి, వెనిగర్.

"ఆహా, ఏం వాసన!" అంటూ యోరిస్ రొట్టె తుంచాడు. "ఏం చేప ఇది?"

సిదేరిస్ ఆ నల్లని తోలును చూశాడు. అక్క బురద కాళ్ళను చూశాడు. అతని చేతిలోంచి ముళ్ళచెంచా జారి నేల మీద పడింది.

"నాన్న సగం సగం అన్నాడు," అంది అనెజీనా. "నా సగం నేను తిన్నాను. ఇది నీ సగం. తిను. ముల్లు గొంతులో పడితే మాత్రం నీళ్ళు అడక్కు."

ఇంటికి అప్పటికే తాళం పెట్టి ఉంది. గుమ్మం దగ్గర కట్టేసిన మేకల్ని విప్పుకుని, కూజా చంకన పెట్టుకుని ఆమె రేవుకు దిగిపోయింది.