బావి సొమ్ము

ఎండ నడినెత్తిన మండుతోంది. చావిడి ముందు పొద్దుటినుంచీ నిలబడి వరదమ్మకు కాళ్లు పీకుతున్నాయి. కూర్చుందామంటే మొగుడు వెంకటముని పడిపోతాడు. అతని బరువంతా ఆమె భుజం మీదే ఉంది. బావిలో రాతికి మందు పెట్టి పేల్చినప్పుడు బండ జారి అతని కాలు విరిగింది. పుత్తూరులో వేయించిన కట్టు ఇంకా విప్పలేదు.

అయినా వరదమ్మ ముఖంలో దిగులు లేదు. ఇవాళ బావుల సొమ్ము పంచుతారు. యుద్ధం ముగిసినా తిండిగింజల కరువు తీరలేదు గనక, కొత్తబావి తవ్విన రైతుకు ఖర్చులో సగం సర్కారే ఇస్తుందని ఊళ్లో చాటింపు వేశారు. రెండు వందల యాభై రూపాయలు! బావి కోసం పాడావును తెగనమ్ముకున్నారు. అప్పటినుంచీ చంటిపిల్లకు రాగి గంజే గతి. సొమ్ము చేతికొస్తే ముందు ఆవును తోలుకు రావాలి.

భూమి దొరస్వామి నాయుడిది. దున్నేది వెంకటముని. "బావి నువ్వు తవ్వుకోరా, సర్కారిచ్చేది నువ్వే తీసుకో" అన్నాడు నాయుడు. ఆ మాట పట్టుకుని మొగుడూ పెళ్లామూ రెండు ఎండాకాలాలు రాయి కొట్టారు.

నీళ్లు పడ్డాక అధికారి చూడ్డానికొచ్చి, "ఈ బావి ఎవరిదయ్యా?" అని అడిగాడు. నాయుడు పక్కనే ఉన్నాడు. అయ్య ముందర "నాది" అనడానికి ఏ కౌలుదారుకైనా నోరొస్తుందా? తమ పెరట్లో కోడిపెట్టను చూపించి ఎవరిదని అడిగినా "మీదే సామీ" అనే బతుకులాయె! "మా నాయుడయ్యదే దొరా. మాదేముండాది?" అన్నాడు వెంకటముని చేతులు కట్టుకొని. వరదమ్మ కూడా తలాడించింది.

"దొరస్వామి నాయుడు!" బావి సొమ్ముకు చావిడిలోంచి పేరు పిలిచాడు అధికారి.

వరదమ్మ మొగుణ్ణి పట్టుకునే ముందుకొచ్చింది. "దొరా, ఆ బావి మేం తవ్వినాం. ఈయప్ప కాలు సూడండి."

"అడిగితే నాయుడిదేనని నీ మొగుడే గదమ్మా చెప్పింది? పట్టా కూడా ఆయనదే."

"అది మర్యాదకన్న మాట సామీ!"

చావిడిలో నలుగురూ నవ్వారు. నాయుడూ నవ్వాడు. "పిచ్చిదానా, మిమ్మల్ని నేను ఇడిసిపెడతానా? రెండు మూటలు రాగులిస్తాలే, పో."

రాగులు! పసిదాని పాలకు బదులు మళ్లీ రాగులే. వరదమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

బావి నాయుడే తవ్వించాడని ఒక సాక్షి వేలిముద్ర కావాలన్నాడు అధికారి.

"ఈడే సాచ్చి. యెయ్‌రా మునీ," అన్నాడు నాయుడు.

అయ్య చెప్పగానే వెంకటముని బొటనవేలు చాచాడు. గుమాస్తా సిరా పూశాడు. వరదమ్మ ఆ వేలిని గబుక్కున పిడికిట్లో పట్టేసింది.

"వద్దు మామా."

"ఇడువ్ మే," అన్నాడు వెంకటముని. "అయ్యకు కోపమొస్తే రేపు సేద్యం యాడ సేసేది?"

నాయుడి నవ్వు మాయమైంది. "వేలు పడకుంటే రేపట్నించి నా చేన్లో కాలు పెట్టొద్దు మీరు."

నిజంగానే వెళ్లగొడతాడని వరదమ్మకు తెలుసు. పిడికిలి మాత్రం విప్పలేదు.

వేలు విడిపించుకోవాలని వెంకటముని ఒకసారి లాగాడు. రెండోసారి లాగలేదు.