రేకు వెనక టక్కు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన పాప ఏదో ఒకరోజు ఆ రేకుకు అతుక్కుని, ఏడవనైనా ఏడవకుండా పోతుందని.

హాస్టళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. ఇస్త్రీ బల్ల ఆమెది. మడతలు పెట్టే అవ్వ పాపను ఒళ్లో వేసుకుని, నడుంనొప్పికి వెచ్చగా ఉంటుందని గోడమీది రేకుకు ఆనుకుని కూర్చునేది. బట్టలు పిండే పెద్ద మిషనుకు కరెంటు తీగలు ఆ రేకు వెనకనుంచే పోతాయి. మిషను వేసినప్పుడల్లా లోపల టక్కుమనేది.

"ఎలకలు," అని తేల్చేశాడు మేస్త్రీ. జిగురు అట్ట పెట్టాడు. నిజంగానే ఒకటి అంటుకుంది. రెండ్రోజులు తీయలేదు. లాండ్రీ అంతా కుళ్లు కంపు. మూడోనాడు వట్టి చేత్తో దాన్ని పీకి పారేసి, అదే చేత్తో పాప బుగ్గ పుణికాడు. ఛీ! ఆమె ఆ బుగ్గను ఎర్రబడేదాకా కడిగింది.

ఎలుక పోయినా టక్కు పోలేదు.

భోజనాలవేళ మెయిన్ ఆపి, రేకు విప్పి చూసింది. తీగలను పట్టి ఉంచే బిగింపులు లేవు. వాటితోనే మేస్త్రీ తన తువ్వాలు ఆరేసుకునే కర్రను కిటికీకి బిగించుకున్నాడు. ఒక తీగ రేకు అంచుకు ఒరుసుకుని పైతొడుగు అరిగిపోయింది. రాగికీ రేకుకూ మధ్య వెంట్రుకంత సందు.

ఇంట్లోవాళ్లు తనను బడి మాన్పించకముందు టీచరు చూపించినది గుర్తొచ్చింది. పక్కపక్క తీగల్లో కరెంటు ఒకే దిక్కుకు పోతే దగ్గరికి లాక్కుంటాయి. ఎదురెదురుగా పోతే నెట్టుకుంటాయి. మిషను లేచేటప్పుడు కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది కదా!

"అన్నా, ఎలకలు కాదు. తీగలే ఒకదాన్నొకటి తోసుకుని రేకుకు కొట్టుకుంటున్నాయి. ఆ తొడుగు పూర్తిగా పోతే రేకంతా కరెంటే."

మేస్త్రీ పళ్లసందులోది పుల్లతో తీసి అక్కడే ఊశాడు. "తోడికోడళ్లా ఏంటి, తోసుకోడానికి? ఎంతదాకా చదివావు?"

"తొమ్మిది."

"ఎలకల పాఠం పదిలో ఉంటుందిలే."

రేకు బిగించాడు. అవ్వ పాపతో మళ్లీ దానికి ఆనుకుంది. మేస్త్రీ మిషను వేశాడు. టక్.

ఆమె పాపను లాక్కుంది. "అవ్వా, నువ్వూ లే!"

"పోవే పిరికిదానా. నా నడుం బాధ నీకేం తెలుసు?"

ఆమె పని మానేసింది. మర్నాడు అవ్వకోసం వెళ్తే, మేస్త్రీ గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

హాస్టలు దుప్పట్లు ఉతుకుకు వేయడానికి మీరెవరైనా ఆ లాండ్రీకి వెళ్తే, కౌంటరు దగ్గరే ఆగిపోకండి. లోపలికి తొంగి చూడండి. రేకుకు ఆనుకుని ఒక ముసలావిడ ఉంటుంది. ముందే చెయ్యి వేయకండి. పిలవండి. పలికితే, పక్కకు జరగమనండి.